మావయ్య చెవికెక్కిన హోరు

భీమిలిలో హోరుకి కొదవేముంది? తెల్లారకముందే సముద్రం మొదలుపెడుతుంది. గోస్తనీ నది వచ్చి కలిసేచోట అలలు ఇసుకతిన్నెను కొడుతూనే ఉంటాయి. ఆదివారమైతే మరీనూ. విశాఖ నుంచి బీచ్‌రోడ్డు మీదుగా కుర్రాళ్ల మోటారుసైకిళ్లు బారులు తీరి వస్తాయి. ఇంత హోరు మధ్య గడియార స్తంభానికి నాలుగు వీధుల అవతల ఒక డాబా ఇల్లు మాత్రం రెండేళ్లపాటు చప్పుడు లేకుండా ఉండిపోయింది. ఆ ఇంటాయన పాటలు వినడం మానేశారు.

మానేశారంటే వైరాగ్యం వచ్చి కాదు. చెవులు మొరాయించాయి.

ఆయన మెరైన్ ఇంజినీరు. 1981లో ఓడెక్కి, చీఫ్ ఇంజినీరై, 2013లో దిగారు. ఓడ ప్రయాణం అనగానే మనకు డెక్కు మీద చల్లగాలి, సూర్యాస్తమయం గుర్తొస్తాయి కానీ ఇంజినీరు బతుకు నీటిమట్టానికి దిగువన ఉంటుంది. మూడంతస్తుల ఎత్తున్న మెయిన్ ఇంజిన్, పక్కన జనరేటర్లు, ప్యూరిఫయర్లు, కంప్రెసర్లు. ఓడల్లో యంత్రాలుండే చోట శబ్దం 110 డెసిబెళ్లు దాటకూడదని అంతర్జాతీయ నియమం. దాటకూడదన్న అంకే అంతుంటే, లోపల ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అక్కడ మాటలుండవు, చేతి సైగలే. చెవులకు పెట్టుకునే మఫ్‌లు ఉండేవి. ఎక్కడ? మేకుకి వేలాడుతూ! బేరింగు పాడవుతోందంటే ముందు చెప్పేది చప్పుడే కదా, చెవులు మూసుకుంటే అదెలా తెలుస్తుందని ఆయన వాదన. కొన్నాళ్లు నూనె తుడిచే కాటన్ వేస్టునే ఉండ చేసి చెవుల్లో పెట్టుకున్నారు. తర్వాత అదీ లేదు.

ఫలితం 2022లో కాగితం మీద కనిపించింది. చెవుల డాక్టరు గాజుగదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి ఒక గీత చూపించారు. అది కొంతదూరం బాగానే వెళ్లి, 4000 హెర్ట్జ్ దగ్గర కొండ మీంచి జారిపడినట్టు కిందికి దిగిపోయింది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో సన్నటి రోమకణాలుంటాయి. పెద్ద శబ్దాలకు ముందు దెబ్బతినేవి కీచుగొంతులను, సన్నటి చప్పుళ్లను పట్టుకునే కణాలు. పోయినవి మళ్లీ మొలవవు.

ఆయనకు మాటలు వినబడతాయి. కానీ ‘స’కీ ‘శ’కీ తేడా తెలియదు. కుక్కరు కూత తెలియదు. అమెరికా నుంచి మనవరాలు వీడియోలో మాట్లాడితే నవ్వుతూ తలూపుతారు. ఒకసారి ఆ పిల్ల ‘‘తాతా, నేను ఏం అడిగానో చెప్పు’’ అంటే, ఫోను భార్యకిచ్చి పెరట్లోకి వెళ్లిపోయారు. వినికిడి యంత్రం పెట్టుకోమంటే మాత్రం ససేమిరా. ‘‘ముసలాడినని మెడలో బోర్డు కట్టుకున్నట్టు ఉంటుంది’’ అనేవారు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ పాటల పెట్టె మీద పడింది. సింగపూర్‌లో ఓడ ఆగినప్పుడల్లా కొన్న క్యాసెట్లు, ఆ తర్వాత సీడీలు, ఓ ఇనప ట్రంకు నిండా ఉన్నాయి. ఘంటసాల, బాలమురళి ఒకవైపు. పింక్ ఫ్లాయిడ్, డైర్ స్ట్రెయిట్స్, డీప్ పర్పుల్ ఇంకోవైపు. ఆయన అభిరుచి ఒకటే... నిదానంగా, ఓపిగ్గా కట్టిన పాట కావాలి. గిటార్ వాయించేవాడు వేలు ఎక్కడ ఆపాడో, తీగ ఎంత సాగదీశాడో తెలియాలి. అలాంటి మనిషికి ఆ సాగదీతలో చివరి మెరుపే వినబడకుండా పోయింది. తాళాల గలగల పోయింది. దుప్పటి కప్పి పాడుతున్నట్టుందని ఓ రోజు ట్రంకుకి తాళం వేసేశారు.

మరి పంక్ రాక్ అంటే?

ఆ మాటంటేనే ఆయనకు మంట. 1982లో ఇంగ్లండులో ఓ రేవులో ఓడ ఆగినప్పుడు, జుట్టు కోడిపుంజు జుట్టులా నిలబెట్టుకుని బట్టలకు పిన్నీసులు గుచ్చుకున్న కుర్రాళ్లను చూశారు. ఇదేం వేషమని కుతూహలం కొద్దీ సెక్స్ పిస్టల్స్ క్యాసెట్ కొన్నారు. సగం పక్క విని, ఓడలో రేడియో ఆఫీసరుకు ఉచితంగా ఇచ్చేశారు. డబ్బు పెట్టి కొన్న పాటను ఆయన దానం చేసింది జీవితంలో అదొక్కసారే!

పేరు వినని పాఠకుల కోసం రెండు ముక్కలు. 1970ల నడుమ రాక్ సంగీతం బాగా బరువెక్కింది. ఇరవై నిమిషాల పాటలు, లారీల కొద్దీ వాయిద్యాలు. దాని మీద తిరుగుబాటే పంక్. న్యూయార్క్‌లో రామోన్స్ బృందం 1976లో, లండన్‌లో సెక్స్ పిస్టల్స్ 1977లో తమ మొదటి ఆల్బమ్‌లు తెచ్చారు. రెండు నిమిషాల పాట, మూడు కార్డ్‌లు, గొంతు చించుకుని అరుపు. వాయించడం రాకపోయినా ఫర్వాలేదు, చెప్పాల్సింది ఉంటే చాలన్నది వాళ్ల మాట. సరిగ్గా ఆ మాటే ఈయనకు గిట్టదు. ‘‘రెంచి పట్టుకోవడం రానివాడిని ఇంజిన్ రూములోకి రానిస్తామా? వీళ్లనెందుకు స్టూడియోలోకి రానివ్వాలి?’’ అనేవారు.

ఈ మాటల దెబ్బ తిన్నవాడు ఒకడున్నాడు. ఆయన మేనల్లుడు. ప్రతి వేసవికీ భీమిలి వచ్చేవాడు. వాడికి మొదటి వాక్‌మన్ తెచ్చిందీ, ఎర్రమట్టి దిబ్బల్లో తిప్పుతూ ఈ పాట విను, ఆ పాట విను అని నేర్పిందీ మావయ్యే. పద్నాలుగో ఏట వాడు ఎవరి దగ్గరో కాపీ చేయించుకున్న నిర్వానా సీడీ తెచ్చి ఎంతో సంబరంగా పెట్టాడు. మావయ్య ఒక్క పాట పూర్తికాకుండానే ‘‘డబ్బాలో రాళ్లేసి గిలకొట్టినట్టుందిరా’’ అన్నారు. ఇంట్లో చుట్టాలందరూ నవ్వారు. ఆ తర్వాత వాడు మావయ్యతో క్రికెట్ మాట్లాడాడు, చదువు మాట్లాడాడు, ఉద్యోగం మాట్లాడాడు. పాటల ఊసు మాత్రం ఎత్తలేదు. దాదాపు ఇరవయ్యేళ్లు!

2024 మే 13న ఎన్నికలు. వాడి ఓటు ఇంకా భీమిలిలోనే ఉంది. బెంగళూరు నుంచి రైళ్లన్నీ కిక్కిరిసి ఉన్నా ఎలాగోలా వచ్చాడు. ఓటేసి, తాటిముంజెలు తిని, మధ్యాహ్నం వసారాలో చాప మీద వాలి, అరచేయంత స్పీకర్‌లో ఏదో పెట్టుకున్నాడు. మావయ్య పక్కనే పడకకుర్చీలో కునుకు తీస్తున్నారు. ఎలాగూ ఆయనకు వినబడదన్న ధైర్యం కావచ్చు.

కాసేపటికి పడకకుర్చీలోంచి గొంతు వచ్చింది. ‘‘ఒరే, ఆ డ్రమ్ములు వాయిస్తున్నదెవడు?’’

వాడు ఉలిక్కిపడి ఆపేశాడు.

‘‘ఆపకు. మళ్లీ పెట్టు.’’

అది నిర్వానా మూడో స్టూడియో ఆల్బమ్ ‘ఇన్ యుటెరో’. అందులో రెండో పాట ‘సెంట్‌లెస్ అప్రెంటిస్’ డ్రమ్ములతోనే మొదలవుతుంది. వాయించింది డేవ్ గ్రోల్. కుంటి నడకలా, తొట్రుపడుతున్నట్టే ఉండి ఎక్కడా తప్పని దరువు. పాట్రిక్ జ్యూస్‌కిండ్ రాసిన జర్మన్ నవల ‘పర్‌ఫ్యూమ్’ కథ ఆధారంగా కట్టిన పాట అది. మావయ్యకు నవలతో పనిలేదు, పాడేవాడి మాటలూ తెలియలేదు. దరువు మాత్రం గుండెల మీద పడింది. రెండేళ్ల తర్వాత ఓ పాటలో దుప్పటి కప్పని చప్పుడు వినబడింది!

వాడు ఆ రోజు ఆ ఆల్బమే ఎందుకు పెట్టాడంటే, దాన్ని రికార్డు చేసిన స్టీవ్ ఆల్బినీ అంతకు వారం ముందు, మే 7న, 61 ఏళ్లకు చనిపోయాడు. మావయ్య అడగడమే తరువాయి, కుర్రాడు ఇరవయ్యేళ్ల బాకీ ఒక్కసారి తీర్చుకున్నట్టు చెప్పుకుపోయాడు.

1991లో వచ్చిన ‘నెవర్‌మైండ్’ నిర్వానాను ఆకాశానికెత్తింది. 1992 జనవరిలో మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ను పక్కకి నెట్టి అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. కానీ దాన్ని మరీ నున్నగా చెక్కేశారని పాడిన కర్ట్ కొబేన్‌కే బాధ. తర్వాతి ఆల్బమ్ గరుగ్గా ఉండాలని ఆల్బినీని పట్టుకున్నాడు. 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటాలో చెట్ల మధ్య ఉన్న పాకిడెర్మ్ స్టూడియోలో, మంచు కురుస్తుండగా, రెండు వారాల్లో పని ముగించేశారు. ఆల్బినీ పద్ధతి వేరు. వాయిద్యాన్ని వాయిద్యంలాగే, అది మోగిన గదితో సహా పట్టుకోవాలంటాడు. అందుకే డ్రమ్ముల దగ్గరే కాక గదిలోనూ మైకులు పెడతాడు. తనను ప్రొడ్యూసర్ అనొద్దంటాడు. అమ్మకాల మీద వాటా తీసుకోడు. ప్లంబర్‌కు ఇచ్చినట్టు చేసిన పనికి కూలి ఇస్తే చాలని బృందానికి ముందే ఉత్తరం రాశాడు. లక్ష డాలర్లు ఒకేసారి తీసుకుని ఊరుకున్నాడు. ఆల్బమ్ అమెరికాలో విడుదలవుతూనే మొదటి స్థానంలో కూర్చుంది. వాటా ఒప్పుకుని ఉంటే ఎంత వచ్చేదో!

‘‘వీడెవడో మన జాతివాడే’’ అన్నారట మావయ్య. ఇంజినీర్ల జాతి అని ఆయన ఉద్దేశం.

ఆ కబుర్లలోనే ఇంకో సంగతీ తేలింది. సియాటిల్ నుంచి వచ్చిన ఈ బాణీని గ్రంజ్ అంటారు. పంక్ కోపాన్నీ పాత రాక్ బరువునూ కలిపి నూరిన పచ్చడి అనుకోవచ్చు. అందులో నిర్వానా కన్నా ముందే పేరున్న సౌండ్‌గార్డెన్ బృందంలో గిటారిస్టు కిమ్ థాయిల్ తల్లిదండ్రులది కేరళ. ఆ మాట వినగానే అంతవరకూ వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అత్తయ్య కూడా వచ్చి కూర్చున్నారు.

ఇంతకీ ఫ్లాయిడ్ వినబడని చెవికి ఈ గోల ఎలా వినబడింది? పెద్దగా ఉంది కాబట్టి అనుకుంటే పొరపాటు. స్పీకర్ అరచేయంత. డాక్టరు హుకుం కూడా ఉంది, ఇక మీదట పెద్ద శబ్దాలు వద్దని. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటల వరకూ వినొచ్చు. శబ్దం పెరిగేకొద్దీ గంటలు గబగబా తగ్గిపోతాయి. మావయ్య ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని, 65 దాటకుండా వింటున్నారు. లోకంలో ఎక్కువమంది చెవులు చిల్లులు పడేలా వినే ఆల్బమ్‌ను ఆయన రేడియో వార్తలంత మెల్లగా వింటున్నారన్నమాట!

అసలు కిటుకు రెండు చోట్ల ఉంది. ఒకటి, ఈ ఆల్బమ్‌లో బలమంతా కింది, నడిమి స్థాయుల్లో ఉంది. డ్రమ్ము పొట్ట, బేస్ గిటార్, బొంగురు గొంతు. ఆయన చెవిలో మిగిలిన కణాలు పట్టుకోగలిగినవి అవే. రెండోది, కొన్ని పాటల్లో హోరు ఎప్పుడూ హోరుగా ఉండదు. ‘మిల్క్ ఇట్’లో అతను గొణుగుతాడు, గొణుగుతాడు, ఉన్నట్టుండి మీద పడతాడు. మళ్లీ గొణుగుడు. ఆ ఎత్తుపల్లాలు నొక్కేయకుండా ఉంచడం ఆల్బినీ పని. అందుకని వాల్యూమ్ ఎంత తగ్గించినా కొండ కొండే, లోయ లోయే. ‘డంబ్’, ‘ఆల్ అపాలజీస్’ పాటల్లో చెల్లో వాయిద్యం ఉంది. అంత గోల చేసినవాళ్లు అంత మెత్తగా ముగించగలరని ఆయన అనుకోలేదు.

మర్నాటికి ఇంకో పోలిక తట్టింది. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్లో సంక్రాంతికి చూసిన తప్పెటగుళ్లు! ఉత్తరాంధ్రలో పశువులు కాసుకునే యాదవుల కళ అది. రేకు గుళ్లు ఛాతీకి కట్టుకుని, కాళ్లకు గజ్జెలేసుకుని, ఎగిరెగిరి వాయిస్తారు. అక్కడా ఉన్న దరువులు కొన్నే. వాయించేవాళ్లు ఏ గురువు దగ్గరా సరళీస్వరాలు నేర్చుకోలేదు. అయినా ఊరు ఊరంతా తెల్లవార్లూ కదలకుండా కూర్చునేది. ‘‘ఏరా, వాళ్లను నేనెప్పుడూ వాయించడం రానివాళ్లు అనలేదే’’ అన్నారు మేనల్లుడితో. ఇరవయ్యేళ్ల నాటి రాళ్లడబ్బా మాటకు అంతకు మించిన క్షమాపణ ఆయన నోట రాదు. వాడికీ అది చాలింది.

కుర్రాడు బెంగళూరు వెళ్లిపోయాక మావయ్య ట్రంకు తెరిచారు. పాటల కోసం కాదు, అడుగున ఉన్న డైరీల కోసం. అబర్డీన్ అన్న పేరు ఎక్కడో విన్నట్టు అనిపించింది. కర్ట్ కొబేన్ 1967లో పుట్టిన ఊరు, వాషింగ్టన్ రాష్ట్రంలో గ్రేస్ హార్బర్ ఒడ్డున ఉంది. ఓడల్లో డైరీ రాయడం ఆయన అలవాటు. 1986 నవంబరు పేజీ దొరికింది. జపాన్‌కు దుంగలు ఎక్కించడానికి ఆగిన రేవు. మూడురోజులు. ‘వాన. ఊళ్లో సగం దుకాణాలు మూసి ఉన్నాయి. కాఫీ బాగుంది.’ అంతే రాసుకున్నారు. ఆ ఏడు కొబేన్‌కు పందొమ్మిదేళ్లు, ఇంకా ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నాడు. విష్కా నది మీద వంతెన కింద గడిపేవాడని చెప్పుకుంటారు. ఇప్పుడు అక్కడ అతని పేరిట చిన్న పార్కు ఉంది.

డైరీ ఒళ్లో పెట్టుకుని ఆయన చాలాసేపు కూర్చున్నారు. రేవు తగ్గిపోయిన ఊరు ఎలా ఉంటుందో భీమిలి వాళ్లకు ఒకరు చెప్పాలా? పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు కోట కట్టిన ఊరు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయింది. 1933లో విశాఖలో హార్బర్ తెరిచాక పెద్ద ఓడలకు ఇటు పనిలేకుండా పోయింది. కలప మీద బతికిన అబర్డీన్‌కూ అదే గతి, దాని కారణాలు దానివి. అలాంటి ఊళ్లో పెరిగే కుర్రాడికి అరవాలనిపించడంలో వింత లేదని, పాతికేళ్ల వయసులో తనకూ అనిపించిందని, అందుకే ఓడెక్కానని ఆయన భార్యతో అన్నారు. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో ఆవిడ ఆ మాట వినడం అదే మొదటిసారి.

‘‘ఆ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడండీ?’’ అని అడిగారావిడ.

1994 ఏప్రిల్ 5న తన ప్రాణం తానే తీసుకున్నాడని, 27 ఏళ్లేనని చెప్పారు. ఆల్బమ్ వచ్చి ఏడు నెలలైనా కాలేదు. ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్లి, పిల్లలకు ఓసారి ఫోన్ చేసి వచ్చారు.

ఇక మావయ్య పంక్ భక్తుడైపోయారా అంటే... లేదు! మేనల్లుడు ఉత్సాహపడి రామోన్స్, క్లాష్ పంపించాడు. రామోన్స్ నాలుగు పాటలు విని ‘ఒకటే పాట నాలుగుసార్లు పంపావు’ అని మెసేజ్ పెట్టారు. సెక్స్ పిస్టల్స్‌కు నలభై రెండేళ్ల తర్వాత ఇంకో అవకాశం ఇచ్చారు. ఈసారి సగం పక్క కూడా వినలేదు. ఇష్టమైంది ఒక్క ఆల్బమే. పన్నెండు పాటలు, నలభై నిమిషాల పైచిలుకు. అందులోనూ ‘టూరెట్స్’ వస్తే లేచి మంచినీళ్లు తాగి వస్తారు.

2025 జనవరిలో సంక్రాంతికి మేనల్లుడు మళ్లీ వచ్చాడు. ఇద్దరూ వసారాలో కూర్చుని ఆల్బమ్ మొదటి నుంచి పెట్టుకున్నారు. మొదటి పాట ‘సర్వ్ ది సర్వెంట్స్’ పళ్లు జివ్వుమనే అపస్వరంతో విరుచుకుపడుతుంది. సరిగ్గా దానికి ఒక్క క్షణం ముందు కుర్రాడు వేలెత్తి చూపించాడు. రెండోసారి పెడితే మళ్లీ అదే క్షణానికి వేలు లేచింది.

‘‘మొదలవుతుందని నీకెలా తెలుస్తోందిరా?’’

‘‘ముందు కర్రలు కొడతాడు కదా మావయ్యా.’’

‘‘ఏ కర్రలు?’’

వాడు నోరు తెరిచి మూసుకున్నాడు. లెక్క అందించడానికి డేవ్ గ్రోల్ డ్రమ్ము కర్రలను ఒకదానితో ఒకటి తాటిస్తాడు. సన్నటి టకటక. ఎనిమిది నెలలుగా, వందసార్లు విన్నా, మావయ్యకు ఆ పాట అపస్వరంతోనే మొదలయ్యేది.

ఆ రాత్రి ఆయన భోజనం దగ్గర పెద్దగా మాట్లాడలేదు. పండగ మూడురోజులూ అయ్యాక, కనుమ మర్నాడు, తనంతట తానే విశాఖ బస్సెక్కారు. రెండు వారాల తర్వాత చెవి వెనక ఇమిడే యంత్రాలు రెండు వచ్చాయి. మొదట్లో నరకం. కాగితం నలిపినా ఉరిమినట్టే, చెంచా పడితే పిడుగే. తీసి డబ్బాలో పెట్టడం, మళ్లీ పెట్టుకోవడం. రోజుకో గంట చొప్పున పెంచుకుంటూ పొమ్మన్నారు డాక్టరు.

వారం గడిచాక ఓ పొద్దున్న ఆయన వసారాలో ఒక్కరే కూర్చుని స్పీకర్ మీట నొక్కారు. భార్య లోపల్నుంచి చూస్తూనే ఉన్నారు. పాట విరుచుకుపడకముందే ఆయన వేలు పైకి లేచింది.